ఒకే అచ్చు, రెండు రంగులు

ఆ రోజు తెల్లారేసరికే ముసురు పట్టింది. షిప్‌యార్డులో వాన పడితే వెల్డర్లు ఏదో ఒక మూల పని చూసుకుంటారు గానీ పెయింటర్లకు చేతులు కట్టేసినట్టే. ఇనుము చెమ్మగా ఉంటే రంగు పట్టదు. పట్టినా పొరలుగా లేచిపోతుంది. డాక్‌లో ఉన్న ఓడ పొట్ట సగం ఎర్రగా, సగం తుప్పుగా ఆగిపోయి ఉంది. మేము రేకుల షెడ్డు కింద కూర్చుని స్ప్రే గన్నులు థిన్నర్‌తో కడుగుతున్నాం. అప్పుడు మా మేనకోడలు ఫోన్ చేసింది. ఇక్కడ సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. నాతో ఎప్పుడూ ఇంగ్లీషు కలిపే మాట్లాడుతుంది. ఆ రోజు పూర్తిగా తెలుగులో మాట్లాడింది.

"మామయ్యా, నాన్న పోయారు. పంపు రూములో పడిపోయారంట. హాస్పిటల్‌కి తెచ్చేసరికే అయిపోయిందంట. అమ్మ నిన్ను రమ్మంటంది."

ఆయన మా బావ, మా అక్క భర్త. సైన్స్ పార్క్‌లో ఒక ఆఫీసు బిల్డింగ్‌కి నీళ్ళ పంపులు, పైపులు చూసే పని చేసేవాడు. నేను సూపర్‌వైజర్‌కి చెప్పి, చేతులు కడుక్కుని బస్సెక్కాను. దారిలో ఏడుపు రాలేదు. ఇంక ఆయన్ని గెలవడం కుదరదు అన్న మాట ఒక్కటే బుర్రలో తిరిగింది. చావు కబురు విన్న మనిషికి ఇదేం ఆలోచన అని మీకు అనిపించొచ్చు. మా ఆదివారాల సంగతి చెబితే అంత వింతగా ఉండదు.

బావ నాకంటే చాలా ముందు సింగపూర్ వచ్చాడు. ఇక్కడే స్థిరపడి జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాట్ తీసుకున్నాడు. నేను వర్క్ పర్మిట్ మీద వచ్చి డార్మిటరీలో ఉంటున్నాను. నాకు ఈ పని సంగతి చెప్పిందీ ఆయనే, వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు బయట నిలబడి, "ఏరా బామ్మర్దీ, ఆ పచ్చడి జాడీ పోలీసులు లాక్కోలేదా" అని అడిగిందీ ఆయనే. ఆదివారం వస్తే పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. అక్క వంట తిని, చీకటి పడేదాకా బావతో కలిసి గాలం వేసేవాణ్ణి. ఆయన లేకపోతే నా ఆదివారాలు కూడా మిగతా కుర్రాళ్ళలాగే బట్టలు ఉతుక్కోవడంతో, ఫోన్ చూసుకోవడంతో గడిచిపోయేవి. ఆ మేలు నేను ఎప్పుడూ కాదనలేదు.

మా ఇద్దరివీ గోదావరి కాలవల పక్క ఊళ్ళు. అక్కడ గాలమంటే వెదురు బద్ద, దారం, తడి మట్టిలో దొరికే వానపాము. ఇక్కడ రిజర్వాయర్లలో అలా కుదరదు. చేపలు పట్టుకోవడానికి విడిగా చోటు చూపిస్తారు. అక్కడ కూడా వానపాము, రొయ్య లాంటి అసలు ఎర వెయ్యకూడదు. కృత్రిమ ఎర మాత్రమే వెయ్యాలి. షాపుల్లో వేలెడంత రబ్బరు చేపలు అమ్ముతారు. వాటికి ముల్లు గుచ్చి విసిరి లాగితే తోక ఆడిస్తూ నిజం చేపలాగే ఈదుతాయి. బావ ఒకటి కొని, దాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో అదిమి అచ్చు తీశాడు. ఇంక ఆ షాపు మొహం చూడలేదు.

ఫ్లాట్ బయట కారిడార్‌లో ఆయన వంట జరిగేది. పాలలా ఉండే ప్లాస్టిక్ ద్రవాన్ని అక్క ఇచ్చిన పాత గిన్నెలో పోసి, చిన్న కరెంటు పొయ్యి మీద కలుపుతూ ఉండేవాడు. అది ముందు గడ్డ కడుతుంది. ఇంకా కలిపితే కరిగి నూనెలా తేటపడుతుంది. అప్పుడు రంగు చుక్కలు వేసి అచ్చులో పొయ్యాలి. రెండు రంగులు కావాలంటే పొట్ట రంగు పోసి, అది ఆరకముందే వీపు రంగు పొయ్యాలి. ఆలస్యమైతే రెండూ అతుక్కోవు. వేడి ఎక్కువైతే పసుపెక్కి పొగ వస్తుంది.

మొదట్లో ఒకసారి అలాగే పొగ వచ్చింది. పక్క ఫ్లాట్‌లో ఉండే మలాయ్ పెద్దాయన ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చాడు. టాక్సీ నడిపి నడిపి మానేసిన మనిషి. మలాయ్‌లో బాబాయిని పాక్‌చిక్ అంటారు. ఆ అంతస్తులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

"అన్నే, ఏం మకాన్ ఇది? ప్లాస్టిక్ బిర్యానీ, ఆ?" అన్నాడు. మకాన్ అంటే తిండి.

"మటన్ వెయ్యడం మర్చిపోయాను పాక్‌చిక్. వచ్చే వారం వేస్తాను," అన్నాడు బావ, వచ్చీరాని ఇంగ్లీషులో.

తిట్టడానికి వచ్చినాయన లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. నాకు అప్పుడే కొంచెం చురుక్కుమంది. ఆ కారిడార్‌లో రెండో స్టూలు నాది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. మా బావకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతో అంతే. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎలక్ట్రీషియన్ అవుదామని వెళ్తే చుక్కల బొమ్మ చూపించి అందులో అంకె చదవమన్నారట. ఏ అంకె, అని అడిగాడట. అందుకే పైపుల వైపు వచ్చాడు. అక్క ఈ విషయం చెప్పి నవ్వేది. "పెళ్ళిచూపులకి నేను ఎర్ర చీర కట్టుకుంటే, ఆకుపచ్చ చీర పిల్ల నచ్చిందని కబురు పెట్టేరు. మనమ్మ, పక్కనున్న పిన్ని కూతుర్ని చూశారేమోనని రెండ్రోజులు అన్నం తినలేదు," అనేది. బావ తల ఎత్తకుండా, "చూసింది మొహాన్నే, చీర్ని కాదు" అనేవాడు.

అలాంటి మనిషి రంగులు కలిపేవాడు. నేనేమో పెయింటర్ని. ఓడ మీద గీతపడిన చోట కొత్త రంగు వేస్తే పాతదానికీ దానికీ తేడా పట్టుకోలేరు. యార్డులో రంగు కుదరకపోతే నన్ను పిలుస్తారు. రబ్బరు చేపల దగ్గరికి వచ్చేసరికి నాది పై చెయ్యి అవుతుందని నేను అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మా పందేనికి బావే పద్ధతి పెట్టాడు. ఇద్దరి ఎరలూ ఒకే అచ్చులో పొయ్యాలి. ముల్లూ సీసం బరువూ ఒకటే ఉండాలి. తేడా రంగులో మాత్రమే. పక్కపక్కన నిలబడి ఒకే నీళ్ళలోకి వెయ్యాలి. కాసేపయ్యాక రాడ్లు మార్చుకోవాలి. నా రంగు ఆయన చేతికి, ఆయన రంగు నా చేతికి. "చెయ్యి గెలిస్తే లాభం లేదురా, రంగు గెలవాలి," అనేవాడు. రాడ్లు మార్చకముందు పడ్డ చేపని ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదు, అది ఆయనకే పడినా సరే.

నేను చేసినవి చూస్తే మీరు కూడా నావే ముచ్చటపడి తీసుకుంటారు. వీపు నెమలికంఠం, పొట్ట వెండి, మధ్యలో సన్నగా పసుపు. మేనకోడలు వాటిని తీసుకెళ్ళి తాళంచెవులకి కట్టుకునేది. బావవి బురద ముద్దలు. ఒకసారి వీపుకి కలిపిన ఆకుపచ్చలో ఇంకొన్ని చుక్కలు వెయ్యబోయి ఎరుపు వేశాడు. కింద లేత పసుపు. వీపు ఎండిన పేడ రంగుకి వచ్చింది.

"నాన్నా, దట్స్ బ్రౌన్ లా. అగ్లీ," అంది మేనకోడలు.

"బ్రౌనా? నాకు పచ్చగానే ఉంది. చేపకి చెప్పకే."

ఆయన రంగు చూసే తీరు వేరుగా ఉండేది. మేము గాలం వేసే సరస్సు నుంచి ఒక డబ్బాలో మురికి నీళ్ళు తెచ్చి పెట్టుకునేవాడు. ఆరిన ఎరని దారం కట్టి అందులో ముంచి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, కళ్ళు చిట్లించి చూసేవాడు. వీపు నల్లగా, పొట్ట తెల్లగా విడిపోయి కనిపిస్తే చాలు. లేకపోతే మళ్ళీ కరిగించేవాడు. "చేపకి చీరల షాపు పెట్టలేదురా. ముదురూ లేతా తెలిస్తే చాలు దానికి," అనేవాడు.

ఆ పేడ రంగు ఎరకి ఆ ఆదివారం టోమన్ పడింది. టోమన్ అంటే మన కొరమీనుకి పెద్దన్న లాంటి చేప. పళ్ళతో ఉంటుంది. నా నెమలికంఠాన్ని దాటి వచ్చి పట్టుకుంది. రాడ్లు మార్చుకున్నాం. నా చేతిలో ఆయన రంగుకి ఇంకొకటి పడింది. ఆయన చేతిలో నా రంగు ఖాళీగా తిరిగి వచ్చింది. తప్పు నా చేతిదని చెప్పుకునే దారి కూడా ఆ పద్ధతి ఉంచలేదు. ఆ సాయంత్రం అక్క ఆ చేపని పులుసు పెట్టింది. చింతపండు పులుసు, మెంతి పొడి, పైన కొత్తిమీర. ఓడిపోయిన వాడు గెలిచినవాడి ఇంట్లో, గెలిచినవాడి చేపని, తన అక్క చేతి వంటలో తినడం ఎలా ఉంటుందో తిన్నవాడికే తెలుస్తుంది. రెండోసారి వడ్డించమన్నాను కూడా. పులుసు బాగుంది.

ఒక్కసారి కాదు, చాలా ఆదివారాలు అలాగే జరిగాయి. నాకు కావాల్సింది పెద్దదేమీ కాదు. ఒక్కసారి, ఆయన పద్ధతి ప్రకారమే, నా రంగు గెలవాలి. గెలిచిందని ఆయన నోటితో అనాలి. డార్మిటరీలో మా గదివాళ్ళకి ఈ గొడవ తెలుసు. ఆదివారం రాత్రి నేను తలుపు తియ్యగానే, "ఏం పెయింటరూ, ఈ వారం కూడా గుడ్డోడి చేతిలో ఓడిపోయావా?" అనేవాళ్ళు. ఆ మాట బావని అన్నందుకు కోపం వచ్చేది. ఓడిపోయావన్నందుకు అంతకంటే ఎక్కువ వచ్చేది.

ఒకసారి పట్టుదలకి పోయి, ఆయన పేడ రంగునే చుక్కలు లెక్కపెట్టి కలిపి పోశాను. తెల్ల కాగితం మీద రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో అక్క చెప్పలేకపోయింది. ఆయనదానికి చేపలు వచ్చాయి, నాదానికి రాలేదు. బావ నాదాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని ట్యూబ్‌లైట్ కేసి చూపించాడు. వెలుతురు అటునుంచి ఇటు రాలేదు.

"కింద ఉన్నది కనపడకుండా వేస్తావురా నువ్వు. ఓడకి అది మంచిదే. నీది గోడ. నీళ్ళలో గోడ ఈదదు," అన్నాడు.

నిజమే. పెయింటర్‌కి మొదట నేర్పేదే అది. తుప్పు కనిపించకూడదు, పాత రంగు కనిపించకూడదు. చెయ్యి దానంతట అదే రంగు ఎక్కువ వేసేస్తుంది. కాగితం మీద పెట్టి సరిచూసుకున్నాను కాబట్టి ఆ తేడా నాకు తెలియలేదు. ఆ మాట ఆయన నాకు మనసులో పెట్టుకోకుండా చెప్పాడు. ఆయనకి తెలిసింది దాచుకునే అలవాటు లేదు. ఉంటే నేను ఆయన్ని ద్వేషించడం సులువయ్యేది.

తర్వాత వారం నుంచి చుక్కలు తగ్గించాను. చేతిని ఆపడానికి చాలా ఆదివారాలు పట్టింది. చివరికి ఒక రంగు కుదిరింది. వీపు పాలు పొయ్యని టీ లాగా, పొట్ట గంజి లాగా. లోపల గుచ్చిన ముల్లు నీడలా కనిపించేది. బావ దాన్ని డబ్బా నీళ్ళలో ముంచి వెనక్కి వెళ్ళాడు. మామూలుగా కంటే ఎక్కువసేపు చూశాడు. ఆ ఆదివారం పిడుగుల హెచ్చరిక మోగి అందరూ రాడ్లు మడిచేశారు. ఇద్దరికీ ఏమీ పడలేదు. బావ నా టీ రంగు ఎరని తన పెట్టెలో వేసుకుని, "చూద్దాంలే" అన్నాడు. తర్వాత దాని ఊసు ఎత్తలేదు. అడగడానికి నాకు నామోషీ అయింది. కొన్ని నెలలకి ఆయన పోయాడు.

దహనం ఇక్కడే చేశాం. అస్థికలు గోదావరిలో కలపడానికి అక్క తీసుకెళ్తానంది. ఆ వారమంతా ఫ్లాట్‌లో జనం. ఆయన పనిచేసిన చోటువాళ్ళు, తెలుగువాళ్ళు, అంతస్తులోవాళ్ళు. చాలామంది ఆయన రబ్బరు చేపల గురించే మాట్లాడారు. ఆయన ఎవరికి ఎన్ని ఇచ్చాడో అప్పుడు తెలిసింది. ఆయన రంగులో రహస్యం ఏమిటని నన్ను అడిగారు. నాకు తెలిసింది చెప్పాను.

పాక్‌చిక్ ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక వచ్చాడు. అక్క ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత నావైపు చూశాడు.

"యూ ద టీ కలర్ మ్యాన్, ఆ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. పాక్‌చిక్ ఇంగ్లీషులో, మధ్యలో మలాయ్ కలిపి చెప్పుకుంటూ పోయాడు. మేనకోడలు తెలుగులో చెప్పింది. ప్రతి బుధవారం సాయంత్రం బావ డ్యూటీ దిగి నేరుగా సరస్సు దగ్గరికి వెళ్ళేవాడట. పాక్‌చిక్ అక్కడికి వచ్చేవాడు. ఇద్దరూ కలిసి గాలం వేసేవాళ్ళు. ఈ బుధవారాల సంగతి నాకు తెలియదు. నేను ఆదివారం మనిషిని మాత్రమే.

"టీ కలర్‌తో వేసేవాడా?" అని అడిగాను.

"ఎవ్రీ వెడ్నస్‌డే. వెరీ స్ట్రాంగ్ కలర్. టోమన్ లైక్."

"రాడ్లు మార్చుకునేవాళ్ళా?"

పాక్‌చిక్ నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు. "ఆఫ్ కోర్స్ చేంజ్. యువర్ బావ, ఎవ్రీ టైమ్ చేంజ్ వన్. హిజ్ కలర్ లూజ్, హీ లాఫ్."

ఓడిపోయి నవ్వాడట. ఆయన ఓడిపోతే మొహం ఎలా పెడతాడో నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. నవ్వుతాడని అనుకోలేదు. ఆ నవ్వు చూసింది ఇంకొకడు.

పాక్‌చిక్ ఆపలేదు. నేను పోసిన ఎరని టోమన్ కొరికి పాడుచేసిందట. బావ అలాంటివి ఇంకొన్ని పోసుకోవాలనుకున్నాడు. టీ రంగులో ఎరుపు ఎంత ఉందో, పచ్చ ఎంత ఉందో ఆయన కంటికి తెలియదు కదా. పోసినప్పుడల్లా కారిడార్‌లో నా పాత ముక్కనీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, "పాక్‌చిక్, సేమ్ ఆర్ నాట్ సేమ్?" అని అడిగేవాడట. పాక్‌చిక్ నాట్ సేమ్ అంటే మళ్ళీ కరిగించేవాడట.

నాకు అన్నిటికంటే అక్కడ మండింది. ఆయనకి రంగు చూసి చెప్పాల్సినవాణ్ణి నేను. బతుకంతా అదే పని చేస్తున్నవాణ్ణి. ఒక్క ఫోన్ చేస్తే చుక్కలు చెప్పేవాణ్ణి. నన్ను అడగకుండా, నా రంగుని, టాక్సీ నడిపినాయన కళ్ళతో సరిచూసుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. ఎవరిని అడిగానో నాకే తెలియదు.

"హీ సే, డోంట్ టెల్. లేటర్ బిగ్ హెడ్," అన్నాడు పాక్‌చిక్.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు చెప్తే అక్కడితో ఆగిపోతావన్నారు. ఇంకో రంగు చెయ్యవన్నారు," అంది. అది ఆయన అన్న మాటో, ఆ పూటకి నన్ను ఊరుకోబెట్టడానికి అక్క అనుకున్న మాటో నేను తేల్చుకోలేకపోయాను. అక్క నాకోసం అబద్ధం చెప్పగలదు. చిన్నప్పటి నుంచీ చెప్పింది.

"మామయ్యా, యూ జెలస్ ఆఫ్ పాక్‌చిక్, ఆ?" అంది మేనకోడలు.

"ఊరుకోవే," అంది అక్క.

నేను కాదనలేదు. పాక్‌చిక్ అది విని, నొచ్చుకోకుండా, లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఐ ఆల్సో జెలస్. ఎవ్రీ వెడ్నస్‌డే హీ టాక్ సండే, సండే," అని తన ఫ్లాట్‌లోకి వెళ్ళిపోయాడు.

తర్వాత బుధవారం మళ్ళీ వాన. యార్డులో మధ్యాహ్నానికి మమ్మల్ని పంపేశారు. వాన వెలిశాక నేను సరస్సు దగ్గరికి వెళ్ళాను. గాలం తీసుకెళ్ళలేదు. బావ ఎక్కడ నిలబడేవాడో చూడాలనిపించింది. మేము ఆదివారం నిలబడే చోటు కాదది. ఇంకా అవతల, రెల్లు ఒత్తుగా ఉన్న మలుపు. పాక్‌చిక్ అప్పటికే అక్కడ ఉన్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

పాక్‌చిక్ పెట్టెలో టీ రంగుది ఒక్కటే మిగిలింది. బావ పోసింది. నేను అరచేతిలో పెట్టుకుని చూశాను. రంగు సరిగ్గా కుదిరింది. నేను పోసినా అంతకంటే దగ్గరగా రాదు. నేనే వేస్తానని అడుగుదామనుకుని, ఇచ్చేశాను. పాక్‌చిక్ ముల్లు గుచ్చి రెల్లు అంచుకి విసిరాడు. ఆ ముసలాయన చెయ్యి మెత్తన. ఎర పడిన చప్పుడు కూడా రాలేదు.

రెండో విసురుకి నీళ్ళు ఉబికాయి. టోమన్ వీపు నల్లగా ఒక్కసారి పైకి తేలి మునిగింది. రాడ్ వంగింది. పాక్‌చిక్ లాగుతుంటే నేను గట్టు చివరికి వెళ్ళి వంగి చూశాను. చేప దగ్గరికి వచ్చింది. దాని నోట్లో నా రంగు కనిపించింది. అంతలో తల విదిలించి, దారం తెంపుకుని, ఎరతో సహా వెళ్ళిపోయింది. నీళ్ళ మీద వలయం ఒకటి పెద్దదవుతూ వచ్చి రెల్లు మొదళ్ళని కదిపి ఆగిపోయింది. పాక్‌చిక్ తెగిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను.

అక్క, మేనకోడలు అస్థికలతో శుక్రవారం పొద్దుటి విశాఖ విమానానికి వెళ్ళారు. పాక్‌చిక్ ఆ నెలాఖరున టోవా పాయోలో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయాడు.